విడిగా పెట్టిన కాగితాలు

జూలై 2

ఈ పుస్తకం ఎవరికీ చూపించడానికి కాదు. సైకాలజిస్టు ఎర్లిండా వీహిల్ రెండేళ్ల గడువు అక్టోబరు నెలాఖరుకి తీరుతుంది. అప్పుడు లైసెన్సు బోర్డు వాళ్లు నన్ను అడుగుతారు, ఈమె ఇకపై ఎవరి పర్యవేక్షణా లేకుండా మందులు రాయొచ్చా అని. ఆ రోజుకి నా దగ్గర నోటిమాట కాదు, తేదీలు ఉండాలి. అందుకే ఈ రాత.

నేను ఆమెకు శత్రువునేం కాను. పర్యవేక్షిస్తానని ఒప్పుకున్నది నేనే. ఈ లోయ మొత్తానికి డాక్టర్ని నేనొక్కణ్ణే అయినప్పుడు ఒప్పుకోక చస్తానా? మనసు జబ్బుకి మందు రాసే సైకియాట్రిస్టు కావాలంటే ఆల్బుకర్కీ పోవాలి. పోయినా ఐదు నెలలు ఆగాలి. అందుకని మా న్యూ మెక్సికో పెద్దలు సైకాలజిస్టుల చేతికి కలం ఇచ్చారు. మళ్లీ చదివి, పరీక్ష గట్టెక్కి, నాలాంటి వాడి ఎదుట వందమంది రోగుల్ని చూసి, ఆ తర్వాత రెండేళ్లు షరతుల మీద రాస్తే చాలట. చాలట! నలభై ఏళ్లు స్టెతస్కోపు మోసిన నాకు చాలదనిపిస్తోంది. కష్టం సుఖం వినే చదువుకీ మందుల చీటీకీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

నిద్ర బాగానే పడుతోంది.

జూలై 6

ఇవాళ ఎర్లిండా నుంచి ఎనిమిది ఫ్యాక్సులు. ఏ మందు మొదలుపెట్టాలన్నా, మార్చాలన్నా రోగి సొంత డాక్టర్ని అడగాలని ఆమెకు చట్టం. సొంత డాక్టర్ని నేనే. పర్యవేక్షకుణ్ణీ నేనే. కాబట్టి ఒక్కో రోగికి రెండేసి కాగితాలు వస్తాయి. "ఒకటి డాక్టరు గారికి, ఒకటి మాస్టారు గారికి" అని డెల్ఫినా వెక్కిరిస్తుంది. ముప్పై ఏళ్లుగా నా క్లినిక్కులో బల్ల దగ్గర కూర్చుంటోంది. ఆ నోటికి తాళం లేదు.

ఆ కాగితాలన్నీ నేను కింది సొరుగులో విడిగా పెడుతున్నాను. అక్టోబరులో కావలసినవి అవే కదా.

"రోగి కాగితం రోగి ఫైల్లో కదండీ ఉండాలి?" అంది డెల్ఫినా.

"అవి రోగి కాగితాలు కావు. ఆమె కాగితాలు" అన్నాను.

"మీ ఇష్టం. రేపు నన్ను వెతకమనకండి మరి" అని పోయింది.

మార్చిలో యుఫేమియోకి లిథియం రాస్తానన్నప్పుడు ఎర్లిండాతో అరగంట వాదించాను. ఇరవై రెండేళ్లుగా బడి బస్సు నడిపే మనిషి, పోయిన చలికాలం మూడు వారాలు కంటిమీద కునుకు లేకుండా గొర్రెల షెడ్డు మూడుసార్లు కట్టి మూడుసార్లు పీకాడు. మందు అవసరమే, కాదనను. రక్తపరీక్షలన్నీ పద్ధతిగా చేయించింది కూడా. చివరికి సంతకం పెట్టాను. ఆ కాగితమూ సొరుగులోనే ఉంది.

జూలై 9

పందొమ్మిది మంది రోగులు. ఎండ మండిపోతోంది. యుఫేమియో కూడా వచ్చాడు, బీపీ బాగా ఎక్కువుంది. అలమారాలోంచి నమూనా మాత్రల డబ్బా ఒకటి ఇచ్చి పంపాను. "ఊరికే ఇచ్చేది ఈ దేశం మొత్తంలో నువ్వొక్కడివే డాక్టరూ" అని నవ్వాడు. మంచి మనిషి.

ఎర్లిండా గురించి ఇవాళ ఏమీ లేదు. అదే అనుమానంగా ఉంది.

జూలై 17

ఎర్లిండా మూడుసార్లు ఫోన్ చేసిందని డెల్ఫినా చెప్పింది. పనిలో ఉన్నానని చెప్పమన్నాను. పనిలోనే ఉన్నాను. మధ్యాహ్నం ఫ్యాక్సు వచ్చింది. పైన "అర్జెంటు" అని పెద్దక్షరాలు. ఆమెకి అన్నీ అర్జెంటే. తీసి సొరుగులో పడేశాను, వచ్చే వారం ఒక్కసారిగా చూడొచ్చు.

ఇంత కంగారు ఎందుకో. తప్పు చేసినవాళ్లకే కంగారు ఉంటుంది. తేదీ రాసిపెట్టుకుంటున్నాను.

జూలై 20

కిరాణా కొట్టులో ఎర్లిండా, యుఫేమియో పెళ్లాం క్లియోఫస్ పిండి బస్తాల వెనక నిలబడి గుసగుసలాడుతున్నారు. ఎర్లిండా ఆమె మోచెయ్యి పట్టుకుని మరీ చెబుతోంది. నన్ను చూడగానే ఇద్దరూ నోరు మూశారు. ఎర్లిండా నా దగ్గరికొచ్చి, "డాక్టర్ గారూ, నా ఫ్యాక్సు చూశారా?" అంది.

"చూస్తున్నాను" అన్నాను.

"ఒక్క ప్రశ్నండీ. ఇప్పుడే ఇక్కడే..."

"రోగుల సంగతులు కొట్లో మాట్లాడతారా ఎవరైనా? చట్టం నాకు నేర్పిందానివి, నీకు తెలియదా?" అన్నాను. ముఖం ఎర్రబడింది. బాగా అన్నాననే అనుకుంటున్నాను.

నా రోగుల్ని నా వెనక తిప్పుకుంటోంది. ఇదీ రాసుకున్నాను.

జూలై 21

రెండు ఫ్యాక్సులు. చూడలేదు.

జూలై 23

యుఫేమియోని హెలికాప్టరులో శాంటా ఫే ఆసుపత్రికి తీసుకెళ్లారు. గడ్డి కట్టలు ఎత్తుతూ తూలి పడ్డాడట. చేతులు వణకడం పది రోజులుగా ఉందట. ఎవర్నీ గుర్తుపట్టలేదట. రక్తంలో లిథియం ఉండాల్సిన దానికి మూడింతలు ఉందని, రక్తం శుద్ధి చేసే యంత్రం పెట్టామని అక్కడి డాక్టరు ఫోన్ చేశాడు.

"ఎవరు రాశారండీ ఇది?" అన్నాడు.

"సైకాలజిస్టు" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. ఆ మౌనం నాకు హాయిగా అనిపించింది. నా కోసం రాసుకునేది కాబట్టి రాస్తున్నాను. హాయిగానే అనిపించింది.

జూలై 24

బోర్డుకి ఉత్తరం రాశాను. అక్టోబరు దాకా ఆగను. "రోగి సొంత వైద్యుణ్ణి సంప్రదించడంలో విఫలమైంది" అన్న వాక్యం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో తెలియదు. చేతిరాత బాగా రాలేదు. సోమవారం డెల్ఫినా చేత టైపు చేయిస్తాను.

జూలై 26

క్లియోఫస్ వచ్చింది. యుఫేమియో కళ్లు తెరిచాడట, పెళ్లాం పేరు చెప్పాడట. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"మీరు అప్పుడే చెప్పారండీ, ఆమె డాక్టరు కాదని. మేం వినలేదు. పోస్టాఫీసులో, చర్చిలో అందరికీ చెప్పాను, ఆ ఇంటి గడప తొక్కొద్దని."

పచ్చిమిర్చి, పంది మాంసం కూర గిన్నె ఇచ్చింది. ఆసుపత్రి వాళ్లు చూడమన్నారని, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసి తెచ్చి డెల్ఫినా బల్ల మీద పెట్టి పోయింది.

కూర బాగుంది.

జూలై 27

డెల్ఫినా ఉత్తరం టైపు చేయలేదు. చేతులు కట్టుకుని నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. ముప్పై ఏళ్లలో తలుపు వేయడం ఇదే మొదలు.

"ఆ నీలం డబ్బా మనదేనండీ."

"ఏ నీలం డబ్బా?"

"క్లియోఫస్ సంచిలోది. నీరు తీసే బీపీ మాత్రలు. జూన్‌లో కంపెనీ మనిషి ఇచ్చిపోయినవి. మన అలమారాలో తప్ప ఈ లోయలో ఇంకెక్కడా లేవు."

"ఎవరో ఇచ్చి ఉంటారు."

"ఎవరిస్తారండీ? పెట్రోలు బంకు వాడా?"

నేను ఇవ్వలేదన్నాను. గట్టిగానే అన్నాను. లిథియం వాడే మనిషికి నీరు తీసే మాత్ర ఇస్తే ఆ లిథియం ఒంట్లోంచి బయటికి పోదు, పేరుకుపోయి విషమవుతుంది. ఇది నాకు తెలియదా? లిథియం వాడే మనిషికి నేను ఆ మాత్ర ఇవ్వను. ఇవ్వనుగాక ఇవ్వను.

ఈ డెల్ఫినా, ఎర్లిండా చుట్టాలేమో కనుక్కోవాలి. ఇక్కడ అందరూ అందరికీ చుట్టాలే.

జూలై 27, సాయంత్రం

ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. జూలై 9.

యుఫేమియో ఫైలు తీశాను. బీపీ, మోకాలు నొప్పి, ఫ్లూ సూదులు అన్నీ ఉన్నాయి. లిథియం అన్న మాట ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? ఆ కాగితం సొరుగులో ఉంటే!

జూలై 28

ఇవాళ కుర్చీ వేసుకుని కూర్చుని సొరుగు మొత్తం చదివాను. ఎర్లిండా రెండేళ్లలో పంపినవి రెండు వందల పద్నాలుగు. తప్పు వెతకడానికి దాచాను కానీ చదవలేదు.

జూలై 17: "యుఫేమియోకి చేతులు వణుకుతున్నాయి, విరేచనాలు. మీరు కొత్తగా ఏదైనా మందు ఇచ్చారా? రక్తపరీక్షకు రాశాను. దయచేసి ఫోన్ చేయండి."

జూలై 21 ఉదయం: "మందుల దుకాణంలో ఆయన పేర కొత్తవేమీ లేవన్నారు. మీ దగ్గర నమూనాలు ఏమైనా ఇచ్చారా? లిథియం ఆపమని ఇంట్లో చెప్పాను."

జూలై 21 మధ్యాహ్నం: "దయచేసి."

అంతే. ఒక్క మాటే ఉంది కాగితం మీద.

జూలై 29

ఫ్యాక్సు మిషను ఈ మధ్య సరిగ్గా పనిచేయడం లేదు. కాగితాలు రావడం ఆలస్యమై ఉండొచ్చు. సాధ్యమే కదా.

జూలై 30

మిషను బాగానే పనిచేస్తోంది.

ఆగస్టు 4

ఎర్లిండా ఇంకా ఏమీ అనలేదు. ఎందుకు అనలేదు? పంపిన ప్రతి ఫ్యాక్సుకీ ఆమె దగ్గర రసీదు ఉంటుంది. ఆసుపత్రి వాళ్లకి నీలం డబ్బా సంగతి తెలిసి ఉంటే ఆమెకూ తెలిసే ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదికి రోడ్డు అవతలి తన ఆఫీసుకి వచ్చి, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, ఐదుకి తాళం వేసుకుని వెళ్తోంది. నా కిటికీలోంచి కనిపిస్తుంది. రోగులు రావడం లేదు. ముగ్గురు మందులు మానేశారని డెల్ఫినా చెప్పింది. అందులో ఒకామె మూడు నెలల బాలింత.

ఏదో పన్నుతోంది. అక్టోబరులో నా సంతకం కావాలి కదా. అప్పుడు ఆ రసీదులు నా ముందు పరుస్తుంది. నేనైతే అదే చేస్తాను.

ఆగస్టు 7

చర్చి దగ్గర ఎవరో నా భుజం తట్టి "నువ్వు లేకపోతే యుఫేమియో పోయేవాడు" అన్నారు. థాంక్స్ అన్నాను. థాంక్స్ అన్నాను!

నిద్ర పట్టడం లేదు. అసలు జనవరి నుంచీ పట్టడం లేదు. మొదటి రోజు రాసింది అబద్ధం.

ఆగస్టు 12

ఇక ఉండబట్టలేక నేనే రోడ్డు దాటి వెళ్లాను. ఎర్లిండా ఒక్కతే కూర్చుని అన్నం డబ్బా విప్పుకుంటోంది. నన్ను చూసి లేవలేదు. రెండేళ్లలో లేవకపోవడం ఇదే మొదలు.

"ఎంతమందికి చెప్పావు?" అన్నాను. ఎలా ఉందో చూడండి, నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదీ.

"ఏం చెప్పాలండీ?"

"నాటకాలొద్దు. నీలం డబ్బా."

"ఎవరికీ చెప్పలేదు. మీ నమూనాయేనని నాకు ముందే అనుమానం."

"ఎందుకని? అక్టోబరు కోసమా? సంతకం పెడితే సరే, లేకపోతే రసీదులు బయటపెడతావా?"

ఫోర్కు డబ్బాలో పెట్టి నన్ను చాలాసేపు చూసింది. రోగుల్ని అలా చూస్తుంది కాబోలు.

"మీరు అలా ఎందుకు అనుకుంటున్నారో నాకు తెలుసు. మీరైతే అలాగే చేస్తారు కాబట్టి" అంది. "నాకూ కోపం లేదనుకోకండి. రాత్రీ పగలూ తిట్టుకున్నాను మిమ్మల్ని. రసీదులు కవర్లో పెట్టి, స్టాంపు కూడా అంటించాను."

"మరి?"

"ఏ మందైనా రాసే ముందు నేను రోగి డాక్టర్ని అడగాలి. చట్టం అది. మీ లైసెన్సు పోతే ఇక్కడ నేను అడగడానికి డాక్టరెవరున్నారు? అరవై ఒక్కమంది ఉన్నారు నా దగ్గర. ఉన్నారు కాదు, ఉండేవాళ్లు. మీరు పోతే వాళ్లలో ఒక్కరికి ఒక్క మాత్ర కూడా రాయలేను. అందుకని స్టాంపు పీకేశాను. మీ మీద జాలితో కాదు."

నేను ఎదుటి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

"ఒక్కటి అడగనా? నేను తప్పు చేస్తానని రెండేళ్లు కాపు కాశారు. చేశానా?" అంది.

రెండు వందల పద్నాలుగు కాగితాలు చదివిన మీదట ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. "లేదు" అన్నాను.

ఆగస్టు 15

కొత్త ఉత్తరం రాశాను. రెండు బోర్డులకీ. ఆమెది ఒకటి, నాది ఒకటి. కొట్టివేతలు లేకుండా వచ్చింది. తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాను. రెండుసార్లు చదివింది.

"ఇది పంపితే నా రెండేళ్లూ పోవచ్చు" అంది. "కాగితాలు చదవని డాక్టరు కింద చేసింది పర్యవేక్షణ ఎలా అవుతుందంటారు. మళ్లీ చేయమనొచ్చు."

నాకు ఆ ఆలోచనే రాలేదు. "అయితే చించేయనా?" అన్నాను.

అన్న వెంటనే ఆ గొంతులో సంతోషం నాకే వినపడింది. ఆమెకీ వినపడింది. వినడమే కదా ఆమె చదువు. సిగ్గుతో చచ్చిపోయాను.

"పంపండి. కానీ ముందు క్లియోఫస్‌కి చెప్పండి. బోర్డుకి తర్వాత చెప్పినా పర్వాలేదు" అంది.

ఆగస్టు 18

వెళ్లాను. యుఫేమియో వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. మాట బాగానే వచ్చింది. చేతులు మాత్రం ఒడిలో పెట్టుకుని ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉన్నాడు. బడి మొన్న తెరిచారు. బస్సు ఇంకెవరో నడుపుతున్నారు.

చెప్పాను. మాత్ర నేనిచ్చిందేనని, అడుగుతూ వచ్చిన కాగితాలు చదవలేదని, మూడు వారాలుగా తెలిసీ నోరు మెదపలేదని చెప్పాను. యుఫేమియో చేతుల వంక చూసుకున్నాడు. క్లియోఫస్ నిలబడే ఉంది.

"ఆ కొట్లో ఆమె నాకు చెప్పిందండీ" అంది చివరికి. "లిథియం ఇవాళే ఆపెయ్యండి, రక్తం ఇచ్చి రండి అని బతిమాలింది. నేను ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. మీరు చెప్పందే ఆపనన్నాడు. నేనూ సరేనన్నాను. మీరే అన్నారు కదండీ, ఆమె డాక్టరు కాదని. అందుకే ఆపలేదు."

ఆపకపోవడానికి నా మాటే కారణమని నాకు తెలియదు. ఈ ఒక్కటీ నాకు తెలియదు.

"ఊరంతా తిరిగి ఆమె పేరు పాడుచేశాను. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి? మీరే చెప్పండి. ఊళ్లో కూడా మీరే చెప్పండి, నేను చెప్పను" అని లోపలికి పోయింది.

యుఫేమియో మాత్రం, "డాక్టరూ, క్రిస్మస్ నాటికి బస్సు ఎక్కుతానా?" అన్నాడు. నన్నే అడిగాడు, అప్పుడు కూడా.

"తెలియదు" అన్నాను. నలభై ఏళ్లలో ఆ మాట రోగికి సూటిగా చెప్పడం ఎన్నిసార్లు జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆగస్టు 23, ఆదివారం

చర్చి అయ్యాక అనుమతి అడిగి లేచి నిలబడి చెప్పాను. ఎవరూ భుజం తట్టలేదు.

నవంబరు 8

చాలా రోజులైంది రాసి. బోర్డుల జవాబులు వచ్చాయి. నన్ను ఏడాది పాటు కనిపెట్టి చూస్తారట. నెలకు పది ఫైళ్లు పంపాలి. చూసేవాడిని చూసేవాళ్లు. మంచిదే. ఎర్లిండాకి మాత్రం ఇంకో ఏడాది వేశారు, వేరే డాక్టరు కింద. ఆయన టావోస్‌లో ఉంటాడు. ప్రతి గురువారం కొండదారిలో రెండు గంటలు పోవడం, రెండు గంటలు రావడం. నా తప్పుకి నాకు ఏడాది, నా తప్పుకే ఆమెకూ ఏడాది.

"పర్వాలేదులెండి" అంది. పర్వా ఉంది. గొంతులో తెలుస్తూనే ఉంది.

ఆ సొరుగులోని కాగితాలన్నీ డెల్ఫినా, నేను కలిసి ఎవరి ఫైల్లో వాళ్లవి పెట్టాం. నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ డెల్ఫినా ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబరు 19, గురువారం

యుఫేమియో వచ్చాడు. బీపీ మళ్లీ ఎక్కువగా ఉంది. మందు మార్చాలి. లిథియం కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టింది ఎర్లిండా, అంతా పద్ధతి ప్రకారం నన్ను అడిగే. ఆమె నన్ను అడగాలని చట్టం. నేను ఆమెను అడగాలని ఏ చట్టంలోనూ లేదు. వెతికాను, ఎక్కడా లేదు.

ఫోన్ చేశాను. కొండదారిలో ఉంది, సిగ్నల్ లేదు. ఫోన్ చేయమని మెసేజి పెట్టాను.

"ఆమెతో పనేముంది, నువ్వు రాసెయ్ డాక్టరూ. నీ మీద నాకు నమ్మకమే" అన్నాడు యుఫేమియో.

"కూర్చో" అన్నాను.

బయట పదకొండు మంది ఉన్నారు. డెల్ఫినా రెండుసార్లు తలుపు తీసి తొంగిచూసి వేసేసింది. యుఫేమియో, నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. ఆమె ఫోన్ చేసేసరికి నలభై నిమిషాలు పట్టింది.